ఎండోటాక్సిన్లు: చచ్చిన బ్యాక్టీరియా మిగిల్చే విషం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

పరవాడ ఫార్మా సిటీలో ఒక ఇంజెక్షన్ల కంపెనీ మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రోజూ నేను వెతికేది బ్యాక్టీరియాని కాదు, అది చచ్చాక మిగిల్చి పోయే విషాన్ని. దానికి తోడు నాలుగేళ్లు నాన్నగారి డయాలసిస్ కోసం వారానికి రెండుసార్లు ఆసుపత్రికి తిరిగాను. ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, ఆసుపత్రి వరండాలో పక్కన కూర్చున్నవాళ్లు, పెళ్లిళ్లలో కలిసే చుట్టాలు అందరూ తిప్పి తిప్పి అవే సందేహాలు అడుగుతారు. వాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబు కా జవాబు పూర్తిగా ఉంటుంది. జబ్బుతో ఉన్న మనిషిని చూసి చెప్పాల్సింది మాత్రం డాక్టరుగారే.

## ముందు, ఇది అసలేమిటి?

టాక్సిన్ అంటే బ్యాక్టీరియా కక్కే విషమే కదా, దీనికి ఎండోటాక్సిన్ అని వేరే పేరెందుకు?

ధనుర్వాతం, డిఫ్తీరియా బ్యాక్టీరియాలు బతికుండగానే విషాన్ని తయారుచేసి బయటికి వదులుతాయి. వాటిని ఎక్సోటాక్సిన్లు అంటారు. అవి ప్రొటీన్లు, చాలావరకు వేడికి పాడైపోతాయి. ఎండోటాక్సిన్ అలా కాదు. అది బ్యాక్టీరియా ఒంట్లోనే ఒక భాగం. 1892లో బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ దగ్గర పనిచేస్తున్న రిచర్డ్ ఫైఫర్, వేడితో చంపేసిన కలరా బ్యాక్టీరియాని గినీ పందులకు ఎక్కించి చూశాడు. సూక్ష్మజీవి చచ్చింది, అయినా ఆ జంతువులు చనిపోయాయి. కణంతో పాటే ఉండే ఆ విషానికి ఎండోటాక్సిన్ అని పేరొచ్చింది. ఒక విషయం చెప్పాలి: కలరాలో నీళ్ల విరేచనాలు పట్టుకునేది దీనివల్ల కాదు. అది వేరే ఎక్సోటాక్సిన్ పని అని 1959లో కలకత్తాలో శంభునాథ్ దే చూపించారు. మన దేశంలో జరిగిన గొప్ప పరిశోధనల్లో అదొకటి, మన పిల్లలకు ఆ పేరు తెలియాలి.

బ్యాక్టీరియా గోడలో ఉంటుందంటారు, కచ్చితంగా ఎక్కడ?

వాడుకలో గోడ అంటాం గానీ, నిజానికి గోడ మీద ఇంకో పొర ఉంటుంది. ఆ బయటి పొర పైభాగమంతా పరుచుకుని ఉండే పదార్థం పేరు లైపోపాలిసాకరైడ్. ల్యాబ్‌లో ఎల్‌పీఎస్ అంటాం. అందులో మూడు ముక్కలు. పొరలోకి దిగబడి ఉండే కొవ్వు ముక్క లిపిడ్ ఏ, అసలు విషం అదే. దాని మీద కోర్ అనే చక్కెరల ముక్క. ఆ పైన వెంట్రుకలా బయటికి పొడుచుకొచ్చే చక్కెరల గొలుసు, దాని పేరు ‘ఓ’ యాంటిజెన్. ఒక్క ఈ.కోలై కణం మీదే ఇలాంటివి సుమారు 10 లక్షలు ఉంటాయి. కణం పగిలినప్పుడు ఇవి గుంపుగా బయటపడతాయి. పెరిగేటప్పుడు కూడా కొద్దికొద్దిగా ఊడుతూనే ఉంటాయి.

అన్ని బ్యాక్టీరియాల్లోనూ ఉంటుందా?

లేదు. 1884లో డెన్మార్క్ డాక్టర్ గ్రామ్ కనిపెట్టిన రంగు పరీక్షలో గులాబీ రంగులో కనిపించే గ్రామ్ నెగటివ్ జాతుల్లోనే ఉంటుంది. ఈ.కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్, టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా అన్నీ ఆ బాపతే. ఊదా రంగులో కనిపించే గ్రామ్ పాజిటివ్ జాతులకు బయటి పొరే ఉండదు, కాబట్టి ఎండోటాక్సినూ ఉండదు. వాటి గోడలోని పెప్టిడోగ్లైకాన్, లైపోటైకోయిక్ యాసిడ్ కూడా ఒంటిని రెచ్చగొట్టగలవు గానీ, ఇంత తక్కువ మోతాదులో కాదు. గ్రామ్ నెగటివ్‌లలోనూ మినహాయింపులున్నాయి. మన వైపు వానలు పడ్డాక కనిపించే స్క్రబ్ టైఫస్ బ్యాక్టీరియాకి ఎల్‌పీఎస్ లేదు. జ్వరం మాత్రం తక్కువేమీ రాదు.

అంత చిన్న ముక్క ఇంత జ్వరం ఎలా తెప్పిస్తుంది?

అది స్వయంగా మన కణాలను కాల్చదు, కొరకదు. మన తెల్లరక్తకణాల మీద టీఎల్ఆర్4 అనే కాపలాదారు ఉంటుంది. లిపిడ్ ఏ తగలగానే అది గుర్తుపడుతుంది. వాచ్‌మన్ ఒక్క దొంగ నీడ చూసి అపార్ట్‌మెంట్‌లో అన్ని బెల్లులూ ఒకేసారి కొట్టినట్టు, టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6 అనే రసాయనాలు రక్తంలోకి వస్తాయి. అవి మెదడుకు చేరి ఒంటి వేడి ఎంత ఉండాలో ఆ లెక్కని పైకి జరుపుతాయి. కొత్త లెక్కకి చేరుకోవడానికి కండరాలు వణికి వేడి పుట్టిస్తాయి. అందుకే జ్వరం కంటే ముందు చలి. టీఎల్ఆర్4 సంగతి 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది, 2011లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా వచ్చింది. నష్టంలో ఎక్కువ భాగం విషం చేసేది కాదు, దాన్ని చూసి మన ఒళ్లు చేసుకునేది.

ఎంత ఉంటే ప్రమాదం?

రక్తంలోకి నేరుగా వెళితే, ఒక గంటలో కిలో బరువుకు 5 ఎండోటాక్సిన్ యూనిట్లు దాటకూడదని మందుల ప్రమాణాలు చెబుతాయి. 60 కిలోల మనిషికి 300 యూనిట్లు, అంటే సుమారు 30 నానోగ్రాములు. ఒక పంచదార పలుకు అర మిల్లీగ్రాము ఉంటుందనుకోండి. దాన్ని 16 వేల భాగాలు చేస్తే ఒక భాగం. మనిషీ కుందేలూ దీనికి దాదాపు ఒకే మోతాదులో స్పందిస్తారు. ఎలుకలు చాలా ఎక్కువ తట్టుకుంటాయి.

మన పేగుల్లోనే కోట్ల బ్యాక్టీరియా ఉన్నాయి కదా, మరి మనమెందుకు పడిపోవడం లేదు?

ఈ విషం సంగతంతా అది ఏ దారిన వచ్చిందన్న దాని మీదే ఉంటుంది. పేగుల్లో ఇప్పుడు, ఈ క్షణంలో, రక్తంలోకి వెళితే ప్రాణం తీసేంత ఎండోటాక్సిన్ ఉంది. మందపాటి జిగురు పొర, ఒకదానికొకటి అంటుకుని ఉండే పేగు కణాలు దాన్ని అక్కడే ఆపుతాయి. కొంచెం జారినా పేగుల రక్తమంతా ముందు కాలేయానికే వెళుతుంది, అక్కడి కుప్ఫర్ కణాలు ఏరేస్తాయి. కాలేయం గట్టిబడిపోయిన సిర్రోసిస్ రోగుల్లో ఈ వడపోత సరిగా జరగదు. మందు తాగే అలవాటు పేగు అడ్డుకట్టనూ కాలేయాన్నీ రెండింటినీ దెబ్బతీస్తుంది.

## ఇంట్లో: తిండి, నీళ్లు, గాలి

నీళ్లు మరగబెడితే ఇది పోతుందా?

బ్యాక్టీరియా చస్తుంది, ఎండోటాక్సిన్ పోదు. ల్యాబ్‌లో గాజు సామాను మీద దీన్ని పోగొట్టడానికి 250 డిగ్రీల పొడి వేడిలో 30 నిమిషాలు పెడతాం. వంటింటి పొయ్యి మీద అయ్యే పని కాదు. కానీ తాగే నీళ్ల విషయంలో దీని గురించి టెన్షన్ అక్కర్లేదు. నోటి ద్వారా వెళ్లే ఆ కాస్త ఎండోటాక్సిన్ పేగుల్లో ఉన్నదాని ముందు ఏ మూలకూ రాదు. నీళ్లు కాచేది బతికున్న సూక్ష్మజీవుల కోసం. వానాకాలంలో ఆ పని మానకండి.

పెరుగు, తరవాణి, పులిసిన ఇడ్లీ పిండిలో కూడా బ్యాక్టీరియానే కదా, వాటిలో ఈ విషం ఉంటుందా?

వాటిని పులియబెట్టే లాక్టోబాసిల్లస్, ల్యూకోనోస్టాక్ జాతులు గ్రామ్ పాజిటివ్. వాటికి ఎండోటాక్సిన్ ఉండదు. నిశ్చింతగా తినండి. కుండలో తరవాణి పెట్టే ఇంట్లో చూడాల్సింది చేతుల శుభ్రం, నీళ్ల శుభ్రం.

హార్బర్ నుంచి తెచ్చిన సూర చేప తిన్న గంటకే మొహం ఎర్రబడి తలపోటు వచ్చింది. ఇదేనా?

కాదు. సూర, కానాగంతలు లాంటి చేపలు ఐస్ లేకుండా ఎండలో ఉంటే బ్యాక్టీరియా వాటి మాంసంలో హిస్టమిన్ తయారుచేస్తుంది. మొహం ఎర్రబడటం, మంట, తలపోటు, దద్దుర్లు దానివల్ల. వేపినా ఉడికించినా అది పోదు. ఊపిరి అందకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. చేప కొనేటప్పుడు రేటు కంటే ముందు ఐస్ ఉందా అని చూడండి.

నెబ్యులైజర్‌లో సెలైన్ అయిపోతే కాచి చల్లార్చిన నీళ్లు పోయొచ్చా?

పోయొద్దు. తాగే దారి వేరు, పీల్చే దారి వేరు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ఎండోటాక్సిన్ గొంతు మంట, దగ్గు, ఛాతీ బిగుతు తెప్పిస్తుంది. ఆస్తమా ఉన్న పిల్లలకు ఇంకా కష్టం. నెబ్యులైజర్ కప్పును ప్రతిసారీ కడిగి పూర్తిగా ఆరబెట్టండి. తడిగా వదిలేసిన ప్లాస్టిక్ మీద సూడోమోనాస్ రాత్రికి రాత్రే కాపురం పెడుతుంది. కప్పులో పోయాల్సింది మందుల షాపులో దొరికే స్టెరైల్ సెలైన్ ఒక్కటే.

పేగులు లీకై విషం రక్తంలోకి వెళుతోందని, డీటాక్స్ పొడి కొనమని చెబుతున్నారు. నిజమేనా?

ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం నమ్ముతారు. 2007లో ఫ్రాన్స్, బెల్జియం పరిశోధకులు ఎలుకలకు బాగా కొవ్వున్న తిండి పెడితే రక్తంలో ఎల్‌పీఎస్ రెండు మూడింతలైంది, బరువూ ఇన్సులిన్ సమస్యా పెరిగాయి. మనుషుల్లోనూ ఊబకాయం, షుగర్ ఉన్నవాళ్లలో ఇలాంటి సూచనలు కనిపించాయి. ఇక్కడిదాకా సైన్స్. అక్కడినుంచి ఈ పొడి తాగితే విషం కడుక్కుపోతుందనడం వ్యాపారం. పీచు ఎక్కువున్న కూరలు, పప్పులు, చిరుధాన్యాలు పేగు పొరను కాపాడే బ్యాక్టీరియాకి తిండి. వేల రూపాయల పొడి కొనే ఇంట్లో చోడి అంబలి మానేయడం చూస్తే నాకు బాధేస్తుంది.

పిల్లలు మట్టిలో ఆడితే మంచిదంటారు, దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ పల్లెల్లో చేసిన అధ్యయనం 2002లో వచ్చింది. పరుపు దుమ్ములో ఎండోటాక్సిన్ ఎక్కువున్న ఇళ్ల పిల్లల్లో అలర్జీ రకం ఆస్తమా తక్కువగా కనిపించింది. చిన్నప్పుడు పశువుల పాక గాలికి అలవాటుపడిన రోగనిరోధక వ్యవస్థ ప్రతిదానికీ ఎగిరిపడదని అర్థం చేసుకోవచ్చు. అయితే ఆస్తమా ఇప్పటికే వచ్చిన బిడ్డకు అదే దుమ్ము ఆయాసం పెంచుతుంది. ఆడుకోనివ్వండి, వైద్యంగా మాత్రం చేయకండి.

వడదెబ్బకీ దీనికీ సంబంధం ఉందని విన్నాను, నిజమా?

నిజమే, చాలామందికి తెలియని సంగతి. మే నెలలో విశాఖ ఉక్కపోతలో ఒళ్లు వేడెక్కితే, వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది. పేగులకు రక్తం తగ్గి వాటి అడ్డుకట్ట సడలుతుంది, ఎండోటాక్సిన్ జారుతుంది. తీవ్రమైన వడదెబ్బ రోగుల రక్తంలో దీన్ని గుర్తించారు. వైద్యం మాత్రం ఒక్కటే: ఆలస్యం లేకుండా నీళ్లతో, ఐస్‌తో ఒంటిని చల్లార్చడం. పారాసెటమాల్ ఇక్కడ పనిచేయదు.

## జ్వరం వచ్చినప్పుడు, టెస్టులు రాసినప్పుడు

పళ్లు టకటక కొట్టుకునేంత చలిజ్వరం వస్తే ఎండోటాక్సినేనా?

అనుకోవడానికి వీల్లేదు. మన్యం వైపు వెళ్లొచ్చినవాళ్లకు ముందు మలేరియా చూడాలి. మూత్రంలో మంటతో చలి వస్తే మూత్రపిండాల ఇన్ఫెక్షన్, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడటంతో చలి వస్తే పిత్తనాళం ఇన్ఫెక్షన్ కావచ్చు. ఈ రెండింటిలో ఎక్కువగా దొరికేది ఈ.కోలై, అంటే ఎండోటాక్సిన్ ఉన్న జాతి. గంటల తరబడి వణుకుతుంటే దుప్పటి కప్పుకుని తెల్లారేదాకా చూడకండి.

వైడాల్ టెస్టులో టీఓ 1:160 అని వచ్చింది. టైఫాయిడ్ ఉన్నట్టేనా?

రిపోర్టు కాగితం తీసి చూడండి. నాలుగు వరసలుంటాయి: టీఓ, టీహెచ్, ఏహెచ్, బీహెచ్. ఆ టీఓలోని ‘ఓ’ అంటే ఎండోటాక్సిన్ అణువు చివర్న ఉండే చక్కెరల గొలుసే. హెచ్ అనేది బ్యాక్టీరియా ఈదడానికి వాడే తోకకి సంబంధించింది. ఈ టెస్టు బ్యాక్టీరియాని చూడదు, విషాన్నీ చూడదు. వాటిమీద మీ ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను చూస్తుంది.

చిక్కంతా ఇక్కడే. ఇలాంటి గొలుసులు వేరే సాల్మొనెల్లాలకూ ఉంటాయి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ గుర్తులూ ఉంటాయి. టైఫాయిడ్ తరచుగా తిరిగే మన ఊళ్లలో ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా కొందరికి 1:80 రావడం మామూలే. జ్వరం మొదటి వారంలో నిజంగా టైఫాయిడ్ ఉన్నా ఇది నెగటివ్ రావచ్చు. ఒక్క రిపోర్టు కంటే, వారం పది రోజుల తేడాతో తీసిన రెండు రక్త నమూనాల్లో అంకె నాలుగు రెట్లు పెరగడం నమ్మదగిన గుర్తు. అన్నిటికంటే మేలైనది యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే చేసే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. వైడాల్ 1896 నాటి పరీక్ష. ఖర్చు తక్కువని ఇప్పటికీ రాస్తున్నారు. డాక్టరుగారిని కల్చర్ చేయిద్దామా అండీ అని అడగడం తప్పు కాదు.

రక్తంలో ఎండోటాక్సిన్ ఎంతుందో చెప్పే టెస్టు చేయించుకోవచ్చా?

మామూలుగా అవసరం లేదు. మందుల ఫ్యాక్టరీల్లో వాడే పరీక్షను రక్తంలోని ప్రొటీన్లు తికమక పెడతాయి. ఆసుపత్రుల్లో చూసే సీఆర్‌పీ, ప్రోకాల్సిటోనిన్ ఎండోటాక్సిన్‌ని కొలవవు, ఒళ్లు ఎంత స్పందించిందో చెబుతాయి.

యాంటీబయాటిక్ వేశాక జ్వరం ఇంకా పెరిగింది. మందు పడలేదా?

కొన్ని యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియా గోడని పగలగొడతాయి, అప్పుడు లోగడ అంటుకుని ఉన్న ఎండోటాక్సిన్ ఒక్కసారిగా విడుదల కావచ్చు. దానికి భయపడి మందు ఆపితే బతికున్నవి మళ్లీ పెరుగుతాయి, ఇంకా ఎక్కువ విషం తయారవుతుంది. టైఫాయిడ్‌లో సరైన మందు పడ్డాక కూడా జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పట్టడం సహజం. దద్దుర్లు, ఊపిరాడకపోవడం ఉంటే అది అలర్జీ, వెంటనే చూపించాలి.

పాపకి పెంటా టీకా వేయించిన రాత్రే జ్వరం వచ్చింది. టీకాలో ఈ విషం ఉందా?

6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలో కోరింత దగ్గు బ్యాక్టీరియాని చంపి మొత్తంగా వాడతారు. అది గ్రామ్ నెగటివ్ జాతి, కాబట్టి దాని పొరలోని ఎండోటాక్సిన్ కూడా కొంత ఉంటుంది. జ్వరానికి, తొడమీద వాపుకి అదొక కారణం. కండరంలోకి, కొలిచిన మోతాదులో వెళ్లేది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ఏఎన్ఎం చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసి తల్లిపాలు ఇస్తూ ఉండండి. తరువాతి డోసు మానేయొద్దు. కోరింత దగ్గు పసిపిల్లల ఊపిరి ఆపేస్తుంది. మూడు గంటలు దాటి ఆపకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా మాత్రం ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

సెప్సిస్ అని ఎప్పుడు అనుమానించాలి?

ఇన్ఫెక్షన్‌కి ఒళ్లు అదుపు తప్పి స్పందించి తన అవయవాలనే దెబ్బతీసుకోవడాన్ని సెప్సిస్ అంటారు. ఇన్ఫెక్షన్ ఉన్న మనిషి మాట తికమకపడుతున్నా, నిమిషానికి 22 సార్లు లేదా ఎక్కువగా ఊపిరి తీస్తున్నా, పై బీపీ 100 లేదా అంతకు తగ్గినా, మూత్రం తగ్గినా, చేతులు చల్లబడి మచ్చలు పడుతున్నా 108కి ఫోన్ చేయండి. ముసలివాళ్లలో జ్వరం లేకుండానే, మత్తుగా పడుకోవడంతోనే మొదలవచ్చు. మా పెద్దమ్మ విషయంలో నిద్రపోతోంది, లేపకండి అన్నాం. ఆ నాలుగు గంటలు ఇప్పటికీ నన్ను వదలవు. సెప్సిస్ గ్రామ్ పాజిటివ్‌ల వల్ల, వైరస్‌ల వల్ల కూడా వస్తుంది. ప్రపంచంలో 2017లో దీనివల్ల సుమారు 1.1 కోట్ల మంది చనిపోయారని అంచనా.

పాము విషానికి ఉన్నట్టు దీనికి విరుగుడు ఇంజెక్షన్ లేదా?

ఎంతో ప్రయత్నించారు. లిపిడ్ ఏ మీద తయారుచేసిన సెంటాక్సిన్ అనే యాంటీబాడీకి 1991లో ఐరోపాలో అనుమతి వచ్చింది, మేలు కనిపించక 1993లో వెనక్కి తీసుకున్నారు. ఈ విషాన్ని గుర్తుపట్టే టీఎల్ఆర్4ని అడ్డుకునే ఎరిటోరాన్ అనే మందు కూడా పెద్ద ట్రయల్‌లో ప్రాణాలు కాపాడలేకపోయింది. రోగి ఆసుపత్రికి చేరేసరికే ఒంట్లో బెల్లులన్నీ మోగిపోయి ఉంటాయి, దొంగని పట్టుకున్నా గోల ఆగదు. త్వరగా సరైన యాంటీబయాటిక్, రక్తనాళంలోకి ద్రవాలు, చీము ఉంటే తీసేయడం, ఇవే వైద్యం.

## ఆసుపత్రిలో

సెలైన్ పెట్టిన అరగంటకి వణుకు వచ్చింది. బాటిల్‌లో ఏదైనా తేడా ఉందా?

ఉండొచ్చు. సెలైన్‌లో గానీ, అందులో కలిపిన ఇంజెక్షన్‌లో గానీ, సెట్‌లో గానీ ఎండోటాక్సిన్ ఉంటే సాధారణంగా అరగంట నుంచి గంటన్నరలో చలి, ఆ తర్వాత జ్వరం, తలపోటు, నడుం నొప్పి వస్తాయి. ముందే ఉన్న జ్వరం వల్ల, కలిపిన మందు పడకపోవడం వల్ల కూడా వణుకు రావచ్చు. ఏదైనా సరే, ముందు నర్సుని పిలిచి డ్రిప్ ఆపించాలి. బాటిల్ పారేయనివ్వకండి. పేరు, బ్యాచ్ నంబరు కనపడేలా ఫోటో తీయండి. మందుల వల్ల వచ్చిన ఇబ్బందులను భారత ఫార్మకోవిజిలెన్స్ టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024కి మామూలు జనం కూడా చెప్పొచ్చు. ఒక బ్యాచ్‌లో లోపముంటే అది బయటపడేది ఇలాంటి ఫిర్యాదులతోనే.

ఒకప్పుడు దీన్ని ఇంజెక్షన్ జ్వరం అని సరిపెట్టుకునేవారు. 1923లో అమెరికాలో ఫ్లారెన్స్ సైబర్ట్, డిస్టిల్డ్ వాటర్‌లోనే బ్యాక్టీరియా మిగిల్చిన పదార్థం ఉందని తేల్చింది. నీళ్లు మరిగేటప్పుడు ఆవిరితో పాటు ఎగిరే సన్నటి తుంపర్లు దాన్ని మోసుకొస్తున్నాయని గమనించి, ఆ తుంపర్లను ఆపే ఏర్పాటు చేసింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కించే ప్రతి సెలైన్ బాటిల్ ఆమెకు రుణపడి ఉంది.

ఇంకో మాట. నీరసంగా ఉందని ఊళ్లో ఎవరిచేతనో బాటిల్ పెట్టించుకోవడం మానండి. నోటితో తాగగలిగిన మనిషికి ఓఆర్ఎస్ చాలు. రక్తంలోకి దారి తెరవడం చిన్న పని కాదు.

డయాలసిస్ మొదలైన కాసేపటికి చలి, జ్వరం వస్తున్నాయి. నీళ్ల వల్లేనా?

నాన్నగారికి ఒక సాయంత్రం ఇలాగే జరిగింది. రెండు దుప్పట్లు కప్పినా మంచం ఇనుప చట్రం గడగడ చప్పుడు చేస్తోంది. నీళ్ల రిపోర్టు ఉందా అని అడిగితే టెక్నీషియన్ టీడీఎస్ మీటర్ చూపించి, చూడండి సార్, ఎంత శుభ్రమో అన్నాడు. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు, అతనికి నేర్పింది అంతే. టీడీఎస్ చెప్పేది ఉప్పుల సంగతి. నానోగ్రాముల్లో ఉండే ఎండోటాక్సిన్ ఆ మీటర్‌కి కనిపించదు.

నాలుగు గంటల డయాలసిస్‌లో దాదాపు 120 లీటర్ల ద్రవం రోగి రక్తం పక్కనుంచి పారుతుంది, మధ్యలో ఉన్నది పల్చటి పొర మాత్రమే. ఎండోటాక్సిన్ ముక్కలు ఆ పొర దాటగలవు. అందుకే నీళ్లలో మిల్లీలీటరుకు 0.25 యూనిట్ల కంటే తక్కువ, రోగికి వెళ్లే ద్రవంలో 0.5 కంటే తక్కువ ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అల్ట్రాప్యూర్ అనాలంటే 0.03 కంటే తక్కువ.

మంచం ఎక్కేముందు బాగుండి, మొదలయ్యాక చలి వస్తే వెంటనే సిబ్బందికి చెప్పండి. పక్క మంచాల వాళ్లకీ అదే రోజు వణుకు వచ్చిందంటే నీళ్లనే ముందు అనుమానించాలి. మెడలో కెథెటర్ ఉన్నవాళ్లలో మాత్రం కెథెటర్ ఇన్ఫెక్షన్ చాలా సాధారణం, బ్లడ్ కల్చర్ తీయకుండా వదలకూడదు. ఎండోటాక్సిన్ టెస్టు చివరిసారి ఎప్పుడు చేయించారు, పైపులైన్‌ని ఎన్నాళ్లకోసారి డిసిన్ఫెక్ట్ చేస్తారు అని మర్యాదగా అడగండి. అడిగేవాళ్లున్నచోట పని జరుగుతుంది. మేం అడిగాక ఆ ఆసుపత్రిలో నెలనెలా రిపోర్టు గోడకి అంటించడం మొదలుపెట్టారు.

ఉద్దానం కిడ్నీ జబ్బుకి ఇదేనా కారణం?

అలా చూపించిన ఆధారం లేదు. ఉద్దానం నుంచి వచ్చి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఎండోటాక్సిన్ సమస్య వచ్చినా అది డయాలసిస్ నీళ్లకి సంబంధించింది, జబ్బు మూలానికి కాదు.

శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడే చూపు మసకేసింది, నొప్పి పెద్దగా లేదు. ఇన్ఫెక్షనా?

ఆలోచించకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. ఇన్ఫెక్షన్ కావచ్చు, టాస్ అనే మంట కావచ్చు. టాస్ సాధారణంగా 12 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. పరికరాలు కడిగే నీళ్లలో పెరిగిన బ్యాక్టీరియా స్టెరిలైజేషన్‌లో చచ్చినా, ఎండోటాక్సిన్ పరికరం మీదే మిగిలిపోవడం దానికున్న కారణాల్లో ఒకటి. స్టెరాయిడ్ చుక్కలతో చాలామందికి తగ్గుతుంది. రెండింటిలో ఏదో తేల్చాల్సింది డాక్టరే.

## పనిచేసే చోట

జూట్ మిల్లులో పనిచేసే మామయ్యకి సోమవారం మాత్రమే ఛాతీ పట్టేస్తుందేం?

పత్తి, జనపనార దుమ్ములో గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా, దాని ఎండోటాక్సిన్ బాగా ఉంటాయి. రోజూ పీల్చే ఒళ్లు దానికి కొంత మొద్దుబారుతుంది. ఆదివారం సెలవులో ఆ మొద్దుతనం పోతుంది, సోమవారం మళ్లీ కొత్తగా తగులుతుంది. అందుకే ఛాతీ బిగుతు, దగ్గు, ఒక్కోసారి జ్వరం. దీన్ని బిస్సినోసిస్ అంటారు. మొదట్లో సోమవారమే, పట్టించుకోకపోతే వారమంతా. చెత్త వేరుచేసే పారిశుద్ధ్య కార్మికులకు, కోళ్ల ఫారాల్లో ఊడ్చేవాళ్లకు కూడా ఇదే దుమ్ము. గాలిలో ఘనపు మీటరుకు 90 యూనిట్లు దాటకూడదని నెదర్లాండ్స్ నిపుణులు సూచించారు. ఎన్95 మాస్కు, ఊడ్చేముందు నీళ్లు చల్లడం, ఏడాదికోసారి ఊపిరితిత్తుల పనితీరు చూసే స్పైరోమెట్రీ పరీక్ష కావాలి. బీడీ పొగలోనూ ఎండోటాక్సిన్ ఉంటుంది, దుమ్ముకు పొగ తోడైతే ఊపిరితిత్తికి రెండు దెబ్బలు.

ఫార్మాలో బీఈటీ (ఎండోటాక్సిన్ పరీక్షలు చేసే) సెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది. ఏం చేయాలి అక్కడ?

చిన్న గాజు గొట్టంలో 0.1 మిల్లీలీటరు రియేజెంట్, 0.1 మిల్లీలీటరు శాంపిల్ కలుపుతారు. 37 డిగ్రీల దగ్గర 60 నిమిషాలు కదలకుండా ఉంచుతారు. ఆ గంటలో బల్ల తగిలినా టెస్టు పోతుంది. తర్వాత గొట్టాన్ని నెమ్మదిగా ఒక్క ఊపులో తలకిందులు చేస్తారు. లోపలిది గట్టి జెల్లీలా అడుగునే నిలబడితే ఎండోటాక్సిన్ ఉంది. జారిందంటే లేదు, లేదా పరీక్ష పట్టుకోగలిగిన దానికంటే తక్కువుంది. ఏళ్లు గడిచినా గొట్టం తిప్పే ఆ క్షణంలో నేను ఊపిరి బిగబడతాను. అవతల ఎవరి చేతిలోకి ఎక్కే ఇంజెక్షనో అది. మీ వేలు, మీ చెమట, మీ పైపెట్ టిప్ ఏదైనా ఫలితాన్ని పాడుచేయగలవు. నెగటివ్ కంట్రోల్, అంటే ఎండోటాక్సిన్ లేని నీళ్లు పోసిన గొట్టం, జెల్ అయితే దాచకుండా రాయండి.

ఆటోక్లేవ్ చేశాం, 0.22 ఫిల్టర్ వేశాం, అయినా ఎండోటాక్సిన్ ఎందుకు ఫెయిలవుతోంది?

121 డిగ్రీల ఆవిరి బ్యాక్టీరియాని చంపుతుంది, ఎల్‌పీఎస్‌ని వదిలేస్తుంది. 0.22 మైక్రాన్ల ఫిల్టర్ కణాన్ని ఆపుతుంది, ఊడిపడిన ముక్కలను ఆపలేదు. కాబట్టి వెతకాల్సింది స్టెరిలైజేషన్‌కి ముందు: కడిగిన సామాను ఎంతసేపు తడిగా ఉంది, నీళ్లు తిరిగే పైపుల లూప్‌లో ఎక్కడ నిలవ ఉంది, ముడిసరుకు ఎంత శుభ్రం.

ఆ రియేజెంట్ పీత రక్తంతో చేస్తారట కదా? ఆ పీతలు మన దగ్గర ఉన్నాయా?

హార్స్‌షూ క్రాబ్ అంటారు గానీ అది పీత కంటే సాలీడుకి దగ్గరి చుట్టం. రక్తంలో రాగి ఉండడం వల్ల నీలంగా ఉంటుంది. గ్రామ్ నెగటివ్ బ్యాక్టీరియా తగలగానే ఆ రక్తం గడ్డకడుతుందని 1956లో ఫ్రెడరిక్ బ్యాంగ్ రాశాడు. ఆ తర్వాత జాక్ లెవిన్‌తో కలిసి దాన్ని పరీక్షగా మలిచాడు. అంతకుముందు ప్రతి బ్యాచ్‌కీ కుందేళ్లకు ఎక్కించి జ్వరం చూసేవారు. ఇప్పుడు పీత కూడా అక్కర్లేని దారి వచ్చింది. సింగపూర్‌లో పీత జన్యువుతో ల్యాబ్‌లో తయారుచేసిన ఫ్యాక్టర్ సీ పరీక్షకి ఐరోపా మందుల ప్రమాణాల పుస్తకం యూరోపియన్ ఫార్మకోపియాలో 2021 నుంచి చోటుంది.

మన దేశంలో ఇవి ఎక్కువగా ఒడిశా, బెంగాల్ తీరాల్లో ఉంటాయి, బాలాసోర్ వైపు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. వన్యప్రాణి చట్టం కింద పట్టడం, అమ్మడం నేరం. మన గంగపుత్రుల వలలో ఎప్పుడైనా పడితే తోక పట్టుకుని ఎత్తకూడదు. అది వెల్లకిలా పడినప్పుడు తిరగబడడానికి ఆ తోకే ఆధారం. పెంకుని రెండు పక్కలా పట్టుకుని, కాళ్లు కిందికి ఉండేలా నీళ్లలో వదిలేయాలి.